సీ భాషలో పట్టిక చదివేటప్పుడు ఖాళీ గడి ఎక్కడికి పోతుంది?

మండలాల వారీగా వర్షపాతం లెక్కలున్న టెక్స్ట్ ఫైలు ఒకటి ఈ మధ్య ఒక మిత్రుడు పంపాడు. ఒక్కో వరుసలో మండలం పేరు, ఆ తర్వాత జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలల వర్షం మిల్లీమీటర్లలో, వాటి మధ్య ట్యాబ్‌లు. చూడటానికి ఇంతకంటే సులువైన పట్టిక ఉండదు. సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసి మొత్తాలు తీశాను, అన్నీ సబబుగానే కనిపించాయి. రెండు రోజుల తర్వాత ఒక మండలం లెక్కను చేత్తో కూడి చూస్తే గానీ తప్పు బయటపడలేదు. నేను వాడిన పద్ధతి సీ నేర్చుకునేవాళ్ళలో చాలామంది మొదట వాడేదే కాబట్టి, ఆ తప్పు ఎలా పుట్టిందో వివరంగా రాస్తున్నాను.

తేడా వచ్చిన వరుస ఇలాంటిది (పేరు, అంకెలు ఉదాహరణకు మాత్రమే): తెనాలి, 96.4, ఖాళీ, 171.2, 140.0. జూలై కొలత అందలేదు కనుక ఆ గడిని ఖాళీగా వదిలేశారు, అంటే ఫైలులో రెండు ట్యాబ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. నేను వరుసను ఎఫ్‌గెట్స్ (fgets, ఫైలు నుంచి ఒక్కో వరుస చదివే సీ ఫంక్షన్)తో చదివి, ఇచ్చిన గుర్తు దగ్గర వరుసను తెంపే స్ట్ర్‌టోక్ (strtok)తో ముక్కలు చేశాను. పక్కపక్కనే ఎన్ని ట్యాబ్‌లున్నా స్ట్ర్‌టోక్ వాటన్నింటినీ ఒకేసారి దాటేస్తుంది కాబట్టి, ఆగస్టు వర్షం జూలైలోకి, సెప్టెంబరు వర్షం ఆగస్టులోకి జరిగిపోయాయి. సెప్టెంబరుకు ముక్కేమీ మిగలకపోవడంతో ఆ చోట అంతకుముందు చదివిన మండలం విలువ అలాగే ఉండిపోయింది. ప్రోగ్రాం ఆగలేదు, హెచ్చరిక రాలేదు, మొత్తం కూడా నమ్మదగినట్టే ఉంది. ఇది స్ట్ర్‌టోక్‌లోని లోపం కాదు. ఖాళీలతో విడగొట్టిన మాటలను ఏరుకోవడానికి అది చక్కగా పనిచేస్తుంది. పట్టికలో మాత్రం ప్రతి ట్యాబ్‌కూ ఒక అర్థం ఉంది.

బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం నుంచి వచ్చిన స్ట్ర్‌సెప్ (strsep) ఖాళీ గడిని ఖాళీ ముక్కగానే ఇస్తుంది, కానీ అది విండోస్ సీ లైబ్రరీలో లేదు. అందువల్ల నేను సీ భాష 1989 ప్రమాణం నుంచీ ఉన్న స్ట్ర్‌సీస్పాన్ (strcspn)ను ఎంచుకున్నాను. ట్యాబ్, వరుస చివర ఉండే న్యూలైన్, క్యారేజ్ రిటర్న్ గుర్తులు మూడింటినీ ఇచ్చి అడిగితే, వాటిలో ఏదో ఒకటి తగిలేదాకా ఎన్ని బైట్లున్నాయో చెబుతుంది. ఆ సంఖ్య సున్నా అయితే గడి ఖాళీ అన్నమాట. ఆగిన చోట ట్యాబ్ ఉంటే దాన్ని దాటి తర్వాతి గడికి వెళ్ళాలి, లేకుంటే వరుస ముగిసినట్టే. స్ట్ర్‌టోక్‌లా ఇది అసలు వరుసను చెరపదు కనుక, అయిదు గడులు లెక్కకు రాని వరుసను దాని సంఖ్యతో సహా ఉన్నదున్నట్టు తెర మీద చూపించగలిగాను.

తెలుగు పేర్ల మధ్య ఇలా బైట్లు వెతికితే అక్షరం ఎక్కడైనా తెగిపోతుందేమోనని మొదట సందేహించాను. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటాయి, ఆ బైట్లలో ఏదీ 128 కంటే తక్కువ ఉండదు. ట్యాబ్ విలువ 9, కామా విలువ 44. కాబట్టి అవి అక్షరం నడుమ కనిపించే అవకాశమే లేదు. అయితే ట్యాబ్ లాంటి గుర్తులు లేకుండా నిర్ణీత వెడల్పుతో గడులను కోసే ఫైళ్ళ దగ్గర జాగ్రత్త అవసరం: కంటికి మూడక్షరాలే అయిన ‘తెనాలి’ బైట్లలో 18, దాన్ని పదో బైటు దగ్గర కోస్తే నాలుగో గుర్తు ముక్కలవుతుంది.

గడులు కుదిరాక రెండో తప్పు ఎదురైంది. అంకెలుగా మార్చడానికి వాడిన ఏటూఎఫ్ (atof) ఖాళీ గడికీ 0.0 ఇస్తుంది, నిజంగా చినుకు పడని నెలకూ 0.0 ఇస్తుంది. వాన పడకపోవడం, కొలత లేకపోవడం రెండూ ఒకటి కావు. ఈ తేడాను చెరిపేసే ప్రోగ్రాం అబద్ధం చెబుతున్నట్టే లెక్క. అదే పని చేసే స్ట్ర్‌టూడీ (strtod) మాత్రం ఎక్కడిదాకా చదివిందో ఒక పాయింటర్ (మెమరీలో ఒక చోటును చూపే విలువ)లో చెబుతుంది: ఆ పాయింటర్ మొదలైన చోటే ఉంటే అంకె లేదని, గడి చివరికి చేరకుండా మధ్యలో ఆగితే అంకె వెనక ఇంకేదో ఉందని తెలుస్తుంది. ‘1,250.5’ అని రాసిన గడిని ఏటూఎఫ్ మామూలుగా 1 అని చదివేసి ఊరుకునేది. పాయింటర్ కామా దగ్గర ఆగడం చూశాకే ఆ వరుసలు పట్టుబడ్డాయి.

ఖాళీ గడికి సీ భాష 1999 ప్రమాణం (సీ99) నుంచి ఉన్న నాన్ (NaN, ‘సంఖ్య కాదు’ అని అర్థం) విలువను పెట్టాను. దాన్ని దేనికి కూడినా ఫలితం నాన్ అవుతుంది గనుక, కొలత తగ్గిన మండలానికి పూర్తి మొత్తం ఉన్నట్టు కనిపించదు. కొత్త ప్రోగ్రాం నడిపినప్పుడు 11 మండలాలకు మొత్తం రాలేదు. ఆ పేర్ల పక్కన గీత పెట్టి, ఏయే నెల కొలత లేదో రాసి, పట్టికను మిత్రుడికి తిరిగి పంపాను.