ఖోన్ కేన్‌లో ఇద్దరు టీచర్లు

సెలవులకి విశాఖలో పెదవాల్తేరు వచ్చిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న. "థాయిలాండ్ వాళ్లకి మీరు ఇంగ్లీషు చెప్పడమేంటమ్మా?" కింద ఫ్లాట్‌లో కొత్తగా పెళ్లయిన జంట మాత్రం వేరేలా అడిగారు. ఇద్దరూ మధురవాడలో ప్రైవేటు స్కూలు టీచర్లు. "అక్కా, మేమూ రావచ్చా? ఇద్దరికీ జరుగుతుందా అక్కడ?" వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

మేముండే ఖోన్ కేన్ బ్యాంకాక్‌కి ఈశాన్యంగా దాదాపు 450 కిలోమీటర్లు. సముద్రం లేదు. విశాఖలో పెరిగినవాళ్లకి అది నిజంగా కష్టం. సాయంత్రమయ్యేసరికి కాళ్లు బీచ్ వైపు లాగుతాయి. బుయెంగ్ కేన్ నకోన్ అని పెద్ద చెరువుంది, దాని గట్టు మీద నడుస్తాం. రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే ఇక్కడ ఏడుకి, అత్తయ్యగారు ఫోన్ చేస్తారు. "ఏటి వండేవమ్మా ఇవాళ?" అన్నదే మొదటి మాట.

వండడానికి కొదవేం లేదు. సంతలో తూటికూర కట్టలు కట్టలుగా దొరుకుతుంది, తాటి ముంజలు కూడా. బయట తినాలంటేనే ఇబ్బంది, కూరల్లోనూ చేపల సాస్ పడుతుంది. మావారు కార్తీకంలో నీచు ముట్టరు. అప్పుడు పసుపు జెండా మీద ఎర్రగా 'జే' అని రాసి ఉన్న శాకాహార హోటళ్లు వెతుక్కుంటాం. చాలా ఏళ్లు మన దసరా రోజుల్లోనే వాళ్లకీ తొమ్మిది రోజుల శాకాహార పండుగ ఉంటుంది, అప్పుడైతే వీధి వీధినా ఆ జెండాలే.

నేను ప్రాథమిక తరగతులకి చెప్తాను, ఆయన హైస్కూలు పిల్లలకి. ఎనిమిదింటికి జెండా, జాతీయగీతం, తర్వాత పాఠాలు. విశాఖలో నా క్లాసులో పిల్లలు 'బుక్' అనమంటే 'బుక్కు' అనేవారు. అక్కడి పిల్లలు చివరి హల్లుని మింగేస్తారు, 'బాల్' కాస్తా 'బాన్' అవుతుంది. నేనూ ఇంగ్లీషుని బడికెళ్లి కష్టపడి నేర్చుకున్నదాన్నే కాబట్టి నాలుక ఎక్కడ తడబడుతుందో నాకు తెలుసు. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే కావాలని ప్రకటనలు ఇచ్చే స్కూళ్లు చాలా ఉన్నాయి. అది చూస్తే నాకు ఇప్పటికీ బాధే.

కానీ ఏడాదిలో ఒక రోజు ఆ బాధంతా పోతుంది. వై ఖ్రూ అంటారు, గురువులకి దండం పెట్టే రోజు. ఎక్కువగా జూన్‌లో ఒక గురువారం చేస్తారు. పిల్లలు పూల పళ్లాలు పట్టుకుని మోకాళ్ల మీద నడుచుకుంటూ వస్తారు. ఆ పళ్లెంలో ఏముంటాయో చూసి నేను ఆశ్చర్యపోయాను. గరిక, వంకాయ పువ్వు, నూరువరహాల పువ్వులు! గరిక పాకినట్టు చదువు పాకాలని, వంకాయ పువ్వులా తల వంచి ఉండాలని, నూరువరహాల మొగ్గంత సూదిగా బుద్ధి ఉండాలని వాళ్ల నమ్మకం. మొదటిసారి ఒక నాలుగో తరగతి పాప నా ముందు వంగేసరికి నేను కంగారుపడి కుర్చీలోంచి లేవబోయాను. పక్కనున్న థాయ్ టీచర్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. విశాఖలో పనిచేసినన్నాళ్లూ మార్కులు తగ్గాయని వరండాలో నిలబెట్టి అడిగిన తల్లిదండ్రులే నాకు గుర్తు. టీచరు కుర్చీకి అంత విలువ ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

ఇక ఆ జంటకి గట్టిగా చెప్పింది ఒక్కటే. ఇద్దరూ ఒకే స్కూల్లో చేరొద్దు. మీ వీసా, వర్క్ పర్మిట్ రెండూ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంటాయి. ఒక ఏడు మార్చిలో మావారి స్కూలు వాళ్లు ఆఖరి నిమిషం దాకా ఏమీ చెప్పకుండా కాంట్రాక్టు ఆపేశారు. నా ఉద్యోగం వేరే చోట కాబట్టి ఇల్లు నిలబడింది. ఆయన నా వీసా మీద డిపెండెంట్‌గా ఉండిపోయారు. వర్క్ పర్మిట్ లేకుండా పాఠం చెప్పకూడదు, ఇంట్లో ట్యూషన్ కూడా. ఇరవయ్యేళ్ల నుంచి చాక్‌పీస్ పట్టుకున్న మనిషి పొద్దున్నే నన్ను స్కూటర్ మీద దింపి, ఇంటికొచ్చి నా క్లాసుకి బొమ్మల కార్డులు కత్తిరించేవారు. రాత్రి నేను క్లాసు ఎలా జరిగిందో చెప్తుంటే, ఏ కార్డుకి ఏ పిల్ల ఏమందో అడిగి మరీ తెలుసుకునేవారు. ఆ టెన్షన్‌లో ఒకరికొకరం విసుక్కోకుండా ఉన్నామంటే, ఇద్దరిదీ ఒకే పని కావడం వల్లేనని నా నమ్మకం.

అందుకే కాగితాలు కూడా ఎవరివి వాళ్లకి పూర్తిగా ఉండాలి. ఒరిజినల్ డిగ్రీ, దానికి అటెస్టేషన్, పోలీసు క్లియరెన్స్. మనలాంటి వాళ్లని సాధారణంగా టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 990కి 600 అయినా అడుగుతారు. టీచరు లైసెన్సు ఇచ్చేది కురుసపా అనే మండలి. బీఎడ్ ఉంటే ఆ దారి చాలా సులువవుతుంది.

ఆ అబ్బాయికి బీఎడ్ లేదు. ముందు అది పూర్తి చెయ్యి నాన్నా, ఏడాది ఆగినా పర్లేదు అన్నాను. అమ్మాయికి ఉంది. మాకు మే 16న బడి తెరుస్తారు, ఈలోపు పోలీసు క్లియరెన్స్ పనికి ఆ పిల్లని నేనే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి తీసుకెళ్తున్నాను.