గుట్టల మీద పరుగుకు బూట్లు, నీళ్ల ఏర్పాటు: నేను కొలిచి ఎంచుకున్న తీరు

రోడ్డు బూట్లతోనూ గుట్టలెక్కవచ్చు. మొదటి పది, పదిహేను పరుగులకు అవి చాలు. నేనూ వాటితోనే మొదలుపెట్టాను. కొత్త జత కొనేముందు మన కాలు ఏ నేల మీద పడబోతోందో తెలియాలి, అది తెలియడానికే ఆ పదిహేను పరుగులు. ఇంటర్నెట్‌లో దొరికే సమీక్షలు చాలావరకు ఆల్ప్స్ పర్వతాల్లోనో, బ్రిటన్ బురద కొండల్లోనో పరిగెత్తేవాళ్లు రాసినవి. వాళ్లు మెచ్చిన బూటు ఏప్రిల్ నెలలో అనంతగిరి అడవికి కుదరాలని లేదు.

మా నేల సంగతి ఇది. హైదరాబాద్‌కు పడమట ఖాజాగూడ వైపు గుట్టలన్నీ గ్రానైటు. పొడిగా ఉన్న బోడి బండ మీద బూటు బాగానే పట్టుకుంటుంది. ఇబ్బందల్లా బండ మీద పల్చగా పేరుకున్న గరుసుతోనే. గచ్చు మీద ఆవాలు పోసి నడిచినట్టుంటుంది. దానికి ఏ రబ్బరూ మందు కాదు, అడుగు చిన్నది చేసి పాదం మొత్తం ఆన్చి దిగడమే. వికారాబాద్ దగ్గర అనంతగిరిలో ఎర్ర లాటరైటు రాళ్లు, చెట్ల వేర్లు, వేసవి మొదట్లో వాటిని కప్పేసే ఎండుటాకులు. వానాకాలంలో గుట్ట దిగి చేల వైపు వస్తే నల్లరేగడి. నాలుగడుగులకే బూటు కింద మన్ను ముద్ద కట్టి కాలు ఎత్తలేం. ఇక ఎక్కడికెళ్లినా తప్పనివి ముళ్లు: తుమ్మ, సర్కారు తుమ్మ, రేగు, పల్లేరు కాయలు.

సోల్ అడుగున గుబ్బల్లా పొడుచుకొచ్చేవాటిని లగ్స్ అంటారు. వాటి ఎత్తు మిల్లీమీటర్లలో చెబుతారు. 5 నుంచి 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉండేవి మెత్తటి మన్నులోకి, బురదలోకి దిగడానికి చేసినవి. గట్టి బండ మీద అవి దిగవు, వాటి కొసలు మాత్రమే ఆనతాయి. రాయిని తాకే రబ్బరు తగ్గిపోతుంది, మలుపులో లగ్గు పక్కకు వంగుతుంది, కాలు జారుతుంది. పైగా ఇంటి నుంచి గుట్ట దాకా రెండు కిలోమీటర్ల తారు రోడ్డు ఉంటే ఎత్తు లగ్స్ తొందరగా అరిగిపోతాయి. గ్రానైటు, ఎర్రమట్టి కలిసిన నేలకు నేను 3.5 నుంచి 4.5 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవే చూశాను. నల్లరేగడికి లగ్గుల ఎత్తు కన్నా వాటి మధ్య ఎడం ముఖ్యం. దగ్గర దగ్గరగా ఉంటే మన్ను ఇరుక్కుని రాలదు. తక్కువ ఎడంతో ఉన్న జతే మీ దగ్గరుంటే వానాకాలం గట్టు మీద గడ్డి ఉన్న అంచు వెంబడి పరిగెత్తండి.

రబ్బరు సంగతి షాపులోనే కొంత తెలుస్తుంది. లగ్గును గోటితో నొక్కితే కొద్దిగా లొంగి మళ్లీ లేవాలి. మరీ ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే తడి బండ మీద నమ్మలేం. వైబ్రామ్ మెగాగ్రిప్ లాంటి మెత్తని రబ్బరు తడిలో బాగా పట్టుకుంటుంది, గరుకు గ్రానైటు మీద మాత్రం తొందరగా అరుగుతుంది. రెండూ కావాలంటే కుదరదు. నేను పట్టునే ఎంచుకున్నాను.

ముళ్ల విషయంలో రాజీ పడకూడదు. తుమ్మ ముల్లు మెత్తని కుషన్‌ను దాటి అరికాలు దాకా వస్తుంది. కొన్ని బూట్లలో సోల్‌కీ కుషన్‌కీ మధ్య సన్నని గట్టి పలక పెడతారు, దాన్ని రాక్ ప్లేట్ అంటారు. పదునైన రాళ్ల పోటు తగలకుండా చేయడం దాని పని, మన దగ్గర ముళ్లనూ చాలావరకు ఆపుతుంది. అది ఉందో లేదో తెలుసుకోవాలంటే బూటును రెండు చేతులతో మడవండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతూనే స్ప్రింగులా ఎదురు తన్నాలి. తర్వాత లోపల చెయ్యి పెట్టి, అడుగు నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలి వేలికి ఆ పోటు తెలియకూడదు. ప్లేట్ చాలా బూట్లలో పాదం ముందు భాగానికే ఉంటుంది కాబట్టి మడమ వైపు ముల్లు దిగవచ్చు. ప్రతి పరుగు తర్వాత సోల్ తిప్పి చూసి, విరిగిన ముల్లు కొసలను పట్టకారుతో లాగేస్తాను. అలాగే వదిలేస్తే అది అడుగడుక్కీ లోపలికి నడుస్తూ మూడో రోజో నాలుగో రోజో కాల్లో దిగుతుంది.

డ్రాప్ అంటే మడమ కింద ఎత్తుకూ వేళ్ల కింద ఎత్తుకూ ఉన్న తేడా. మామూలు రోడ్డు బూట్లలో 8 నుంచి 12 మిల్లీమీటర్లు. ట్రెయిల్ బూట్లలో, అంటే గుట్టలు, కాలిబాటల మీద పరుగుకు చేసినవాటిలో, హోకా స్పీడ్‌గోట్‌కు మోడల్‌ను బట్టి 4 లేదా 5, ఆల్ట్రా లోన్ పీక్‌కు సున్నా. డ్రాప్ తగ్గేకొద్దీ భారం పిక్క మీదికి, మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్ టెండన్) మీదికి పోతుంది. 10 నుంచి 4కు మారేటప్పుడు నేను ఎనిమిది వారాలు తీసుకున్నాను: మొదటి రెండు వారాలు వారానికి ఒక పరుగు, అదీ 4 కిలోమీటర్లు, ఆపైన మెల్లగా. తెల్లవారి మంచం దిగగానే మడమ వెనక పట్టేసినట్టుంటే ఒక వారం వెనక్కి వెళ్లాలి. ఇక కుషన్ ఎంత ఎత్తుంటే రాళ్ల మీద చీలమండ మెలిపడే అవకాశం అంత ఎక్కువ. ఎత్తు కుషన్ కావాలనుకుంటే అడుగు వెడల్పుగా ఉన్న జతే తీసుకోండి.

గోర్‌టెక్స్ లాంటి నీరు చొరబడని పొర ఉన్న జత మన వాతావరణానికి వద్దు. వాగు దాటినప్పుడు నీళ్లు పైనుంచి లోపలికి వస్తాయి, వచ్చాక బయటికి పోవు. ఎండాకాలంలో అదే పని చెమట చేస్తుంది. జాలీ బట్టతో చేసిన బూటైతే వాగు దాటిన పది నిమిషాల్లో నీళ్లు ఓడ్చేస్తుంది.

ఇప్పుడు సైజు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది, పరుగులో ఇంకా ఉబ్బుతుంది. అందుకని సాయంత్రం, పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులతోనే కొలవాలి. గోడకు మడమ ఆన్చి, కాగితం మీద నిలబడి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని పొడవైన వేలి కొస దగ్గర గీత గీయాలి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగు, దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నాకు ఎడమ పాదం 26.4, కుడి పాదం 26.8 సెంటీమీటర్లు వచ్చింది. పెద్ద పాదమే లెక్క. యూకే 8, 9 అనే అంకెలను నమ్ముకోవద్దు, కంపెనీకీ కంపెనీకీ అర సెంటీమీటరు దాకా తేడా ఉంటుంది.

షాపులో నేను చేసిన పని ఒక్కటే. బూటు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడ్డాను. వేలి కొసకు ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, చిటికెన వేలు అంచు దాటి బయటికి పొర్లకూడదు. పొర్లితే పొడవు పెంచి లాభం లేదు, వెడల్పు ఎక్కువున్న మోడల్ చూసుకోవాలి. తర్వాత బూట్లు కట్టుకుని షాపు మెట్లు వేగంగా దిగాలి. దిగేటప్పుడు వేలు ముందు గోడను తాకిందంటే గుట్ట దిగేటప్పుడు గోరు నల్లబడటం ఖాయం. ఎక్కేటప్పుడు మడమ లేస్తే లేసులతో సరిచేయవచ్చు.

లేసులు ఇలా: పైన అన్నిటికన్నా చివర ఉన్న అదనపు రంధ్రంలోకి లేసును అదే పక్క గుచ్చి చిన్న ఉచ్చు వదలండి. రెండో పక్కా అంతే. ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడి వేయండి. మడమ కదలదు, వేళ్లకు చోటు తగ్గదు. పాదం పైభాగం నొక్కుకుంటుంటే నొప్పి ఉన్నచోట ఒక్క అడ్డ వరస వదిలేసి కట్టాలి. ఏ కొత్త జతనైనా ముందు ఇంట్లో గంటన్నర వేసుకుని తిరగండి. మురికి కాకపోతే చాలా షాపులు మార్చి ఇస్తాయి.

సాక్సులు నూలువి వద్దు. తడిసిన నూలు ముడతపడి బొబ్బలు లేపుతుంది. సన్నని నైలాన్ లేదా పాలిస్టర్, వేళ్ల మధ్య ఒరుసుకునేవాళ్లకు వేళ్లు విడిగా ఉండే రకం. గరుసు, గడ్డి గింజలు లోపలికి రాకుండా చీలమండకు గైటర్లు, అంటే బూటు పైఅంచును కప్పే సన్నని బట్ట తొడుగులు, వేసుకోవాలి.

నీళ్ల విషయానికి వస్తే, సంచి కొనడానికి ముందు చెమట కొలవాలి. మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. గంటసేపు మీ మామూలు వేగంతో పరిగెత్తండి. దారిలో తాగిన నీళ్లు కొలత ప్రకారం ఉండాలి. తిరిగొచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ బరువు చూడండి. నాకు ఏప్రిల్‌లో ముందు 68.4, తర్వాత 67.7 కిలోలు, మధ్యలో 500 మిల్లీలీటర్లు తాగాను. తగ్గిన 0.7కు తాగిన 0.5 కలిపితే గంటకు 1.2 లీటర్ల చెమట. జనవరి తెల్లవారుజామున అదే దారిలో 0.7. ఇంటి వేయింగ్ మెషీన్లు 100 గ్రాములు అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

పోయినదంతా తాగాలని లేదు. శరీర బరువులో 2 శాతం దాకా తగ్గినా పరవాలేదన్నది నేను పెట్టుకున్న హద్దు. 68 కిలోలకు అది సుమారు 1.4 లీటర్లు. మూడు గంటల ఏప్రిల్ పరుగులో 3.6 లీటర్ల చెమట పోతే, 1.4 తీసేసి 2.2 లీటర్లు తాగాలి. దారి మధ్యలో నింపుకునే చోటుంటే 1.2 లీటర్లు మోస్తే చాలు, లేకపోతే మొత్తం మోయాలి. లీటరంటే కిలో బరువు. పరుగు అయ్యాక బరువు పెరిగిందంటే అది అసలైన ప్రమాదం: ఒట్టి నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బడం దాని గుర్తులు. అప్పుడు ఇంకా నీళ్లు తాగించకూడదు. తికమకగా మాట్లాడుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గంట లోపు పరుగుకు చేతిలో పట్టుకునే 500 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. అంతకు మించితే వెస్ట్, అంటే చొక్కాలా తొడుక్కునే నీళ్ల సంచి. ముందు జేబుల్లో రెండు 500 మిల్లీలీటర్ల సాఫ్ట్ ఫ్లాస్కులు (మెత్తని సీసాలు), వెనక లీటరున్నర బ్లాడర్ (తాగడానికి గొట్టం ఉన్న నీళ్ల తిత్తి) పట్టేది తీసుకున్నాను. ఆల్ప్స్‌లో జరిగే యూటీఎంబీ పరుగు నిబంధనల్లో కనీసం 1 లీటరు మోసే ఏర్పాటు తప్పనిసరి, మన ఏప్రిల్‌కు అది చాలదు. ఫ్లాస్కు తాగేకొద్దీ ముడుచుకుంటుంది కాబట్టి నీళ్లు కుదపవు, ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది. మూత వెడల్పు 28 మిల్లీమీటర్లు, 42 మిల్లీమీటర్లు అని రెండు రకాలు. పెద్ద మూత ఉన్నదే కొనండి, పొడి పోయడానికీ లోపల కడగడానికీ వీలు. ఛాతీ కొలత ఊపిరి పూర్తిగా పీల్చి, టీషర్టు మీద తీసుకోవాలి. ఖాళీ వెస్ట్ అందరికీ కుదిరినట్టే ఉంటుంది. షాపులో ఫ్లాస్కులు నింపి పెట్టి, అక్కడే రెండు నిమిషాలు గంతులేసి చూడాలి. కాలర్ ఎముక దగ్గర, చంకల దగ్గర ఒరిసేచోటు అప్పుడు తెలుస్తుంది.

బ్లాడర్ నింపి మూసాక తలకిందులు చేసి, గొట్టంలోంచి గాలి పీల్చేయాలి. గాలి ఉంటేనే నీళ్లు కుదుపుతాయి. గుక్క తాగాక గొట్టంలోకి ఊది నీళ్లు వెనక్కి పంపండి, లేకపోతే ఎండలో గొట్టంలోని నీళ్లు కాగి తర్వాతి గుక్కకు నోరు చుర్రుమంటుంది. బ్లాడర్‌లో ఒట్టి నీళ్లే పోస్తాను. చక్కెర, ఉప్పు కలిపినవి ఫ్లాస్కుల్లోకే, ఎందుకంటే గొట్టంలో తీపి మిగిలితే నల్ల బూజు పడుతుంది.

ఉప్పుకు ఓఆర్‌ఎస్ వాడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. పేరు చూసి మోసపోకుండా ఈ అంకెలు చూసుకోండి. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. లీటరు ప్యాకెట్టును సగం చేసి ఫ్లాస్కులో వేస్తే కొలత తప్పుతుంది. ఇంట్లోనే లీటరు కలిపి రెండు ఫ్లాస్కుల్లో పోస్తాను, దారికి 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపే చిన్న పొడి ప్యాకెట్లు నాలుగు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటకు అవి మాత్రమే చాలవు. మజ్జిగ ఇంటికొచ్చాక తాగండి, ఫ్లాస్కులో పోస్తే ఎండకు పులిసి మూతలో గడ్డలు అడ్డం పడతాయి. రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు గురించి ముందు డాక్టర్ను అడగాలి.

వచ్చాక బూట్లను ఎండలో పెట్టకండి, సోల్ జిగురు వదులుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టాలి. గంటకోసారి పేపర్లు మార్చాలి. బ్లాడర్‌లో లీటరు గోరువెచ్చని నీళ్లకు చెంచాడు వంటసోడా వేసి అరగంట ఉంచి, గొట్టాన్ని సన్నని బ్రష్షుతో తోమి కడగాలి. వానాకాలంలో అది ఎన్నాళ్లకీ ఆరదు. నీళ్లు ఓడ్చేసి, గొట్టంతో సహా మడిచి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను.