ఓక్ చెట్టు మనిషి

రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో యోహాన్ డ్రయాండర్ పుస్తకంలోని బొమ్మలు చూస్తూ కూర్చున్నా. జర్మనీలోని మార్బుర్గ్‌లో వైద్యం చెప్పిన ప్రొఫెసర్. అసలు పేరు ఐష్‌మన్, అంటే ఓక్ చెట్టు మనిషి, దాన్నే గ్రీకులోకి మార్చి పెట్టుకున్నాడు (అప్పటి పండితుల సరదా!). మనిషి శరీర నిర్మాణం మీద వెసాలియస్ అనే వైద్యుడు వేసిన పెద్ద పుస్తకానికి ఏడేళ్ల ముందే, 1536లో, ఒక్క తల మీదే పుస్తకం వేశాడు. చర్మం ఒలిచి, పుర్రె పైభాగం తీసి, పొరలు దాటుకుంటూ మెదడు దాకా, ఉల్లిపాయ ఒలిచినట్టు బొమ్మ తర్వాత బొమ్మ. మెడిసిన్ ఫస్టియర్‌లో, శవాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండుతుంటే నేనూ ఇదే వరసలో తల చూశాను, ఆ రోజు అన్నం సయించలేదు. ఫార్మలిన్ అనేదే లేని రోజుల్లో, శవం కుళ్లేలోపు హడావిడిగా కోస్తూ ఈయన ఎలా తట్టుకున్నాడో! పైగా నక్షత్రాల లెక్కలు కూడా ఈయనకే కావాలి.