అద్దం గోడకు అతుకు ఉంటుందా?

మే 18, ఆదివారం. మహబూబ్‌నగర్ బస్టాండులో శ్రీశైలం బస్సు ఎక్కకముందే ఫోన్‌లో నెట్ ఆపేశాను. అమ్మ మొక్కు తీర్చడానికి వెళ్తున్నాం. నెట్ ఆపడానికి కారణం మాత్రం మొక్కు కాదు. షికాగోలో పురుషుల ప్రపంచ స్క్వాష్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. అక్కడ శనివారం సాయంత్రమంటే మనకు ఆదివారం తెల్లవారుజాము. ఆ వేళకు నేను అమ్మ పులిహోర డబ్బాలు సర్దుతూ, ఆటో కోసం పరుగెత్తుతూ ఉన్నాను. రాత్రి శ్రీశైలంలో గది తీసుకుని ఆట మొత్తం చూడాలి, అప్పటిదాకా ఎవరు గెలిచారో నా చెవిన పడకూడదు. పాత క్లబ్ దోస్తులు నలుగురున్నారు. ఫలితం తెలియగానే ఫోన్ చేసి చెప్పేస్తారు, వాళ్లను ఆపడం నావల్ల కాదు.

బస్సు నిండిపోయింది. అమ్మకు ముందు ఆడవాళ్ల సీట్లలో చోటు దొరికింది. నాకు నాగర్‌కర్నూల్ దాకా నిలబడే ప్రయాణం. అక్కడ ఒకాయన దిగితే కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన తన మూట ఒళ్లోకి తీసుకుని "కూసో బిడ్డా" అన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల ధోతి, మెడలో తువ్వాల, చేతివేళ్లు ఒక్కొక్కటీ కొయ్యముక్కలా ఉన్నాయి.

అచ్చంపేటలో బస్సు కాసేపు ఆగింది. ఒక హోటల్లో మూడు ఇడ్లీలు యాభై రూపాయలు, చట్నీలో నీళ్లు తప్ప ఏమీ లేవు. అర గ్లాసు చాయ్ ఇరవై. అడిగితే "పండగ సీజన్ సార్" అన్నాడు. మే నెల మధ్యలో ఏ పండగో నాకు అర్థం కాలేదు. చిరాగ్గా వచ్చి కూర్చుంటే పెద్దాయన తన మూటలోంచి జొన్నరొట్టె ముక్క, పచ్చి ఉల్లిగడ్డ చేతిలో పెట్టాడు. ఆ పూట నా కడుపు నింపింది ఆ రొట్టే.

మన్ననూరు చెక్‌పోస్ట్ దాటితే ఇక అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ దారిలో బండ్లు వదలరు. అందరి ఫోన్లలో సిగ్నల్ పోయింది. చుట్టూ విసుక్కుంటుంటే నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. ఇక ఎవరూ ఫోన్ చేయలేరు.

"అందరు తిట్టుకుంటుండ్రు, నువ్వు నవ్వుతున్నవేంది బిడ్డా?" అన్నాడు పెద్దాయన.

చెప్పాను. స్క్వాష్ అనే ఆట గురించి చెప్పాలంటే మా వైపు ఎవరికైనా మొదట్నుంచి మొదలుపెట్టాలి. నాలుగు గోడల మధ్య ఇద్దరు ఆడే ఆట తాతా అన్నాను. బంతిని ఎదురుగోడకు కొట్టాలి, రెండోసారి నేలకు తగలకముందే రెండోవాడు తిరిగి కొట్టాలి. పదకొండు పాయింట్లకు ఒక గేమ్, మూడు గేములు గెలిచినవాడిదే మ్యాచ్. గది పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు.

ఆయన వేళ్లతో ఏదో లెక్కేసుకున్నాడు. "ముప్పై రెండు ఫీట్లు, ఇరవై ఒకటి. కిటికీ ఉండదు. ఎనక గోడకు పొట్టి తలుపు. లోపల మొత్తం నున్నగ గిలాబు."

నేను నోరు తెరిచాను.

"కట్టిన బిడ్డా. పట్నంల, ఓ కలబ్బుల. ధాన్యం గోదాం అనుకున్నం. గోదాముకు ఇంత నునుపెందుకని ఇంజనీరు సారును అడిగితే ఇది ఆటగది అన్నడు. గాలి రాని గదిల ఏం ఆటో అని నవ్వుకున్నం."

ఆయన సుతారి, అంటే గోడలు కట్టి గిలాబు (ప్లాస్టరింగ్) చేసే తాపీమేస్త్రి. పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకుని డ్యాముల దగ్గరికీ, పట్నాలకూ పోయిన వేలమందిలో ఒకడు. మా నాన్నా అలాగే పోయాడు. నాన్న మాలు మోసేవాడు. ఆయన తెలిసినవాళ్ల ద్వారానే నాకు 1994లో హైదరాబాద్‌లో ఒక క్లబ్‌లో మార్కర్ పని దొరికింది. కోర్టు తుడవాలి, పాయింట్లు లెక్కపెట్టాలి, జోడీ దొరకని మెంబర్లతో ఆడాలి. అలా ఐదేళ్లు. నాకు ఇంగ్లీషు, ఆట, ఓపిక మూడూ వచ్చింది అక్కడే. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నాకు చిన్న స్పోర్ట్స్ షాపుంది. స్క్వాష్ రాకెట్ అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా గోడకు ఒకటి వేలాడదీసి ఉంచాను.

తాత ఊరుకోలేదు. బంతి గోడకు తగిలితే పెచ్చులు లేవవా? లేవకూడదు తాతా, బంతి మెత్తటి రబ్బరు, కొట్టికొట్టి వేడెక్కితేనే ఎగురుతుంది, చల్లగా ఉంటే చచ్చినట్టు పడుంటుంది. ఎదురుగోడ కింద రేకెందుకు పెట్టమన్నారు? బంతి దానికి తగిలితే టంగుమని మోగాలి, కొట్టినవాడు పాయింటు పోగొట్టుకున్నట్టు. మామూలు ఆటకు ఆ రేకు 48 సెంటీమీటర్ల ఎత్తు, ప్రపంచ పోటీల్లో ఆడే మగవాళ్లకు 43. ఆ ఐదు సెంటీమీటర్ల తేడాతోనే ఆట మారిపోతుంది. బంతిని రేకు పైన ఆనీ ఆననట్టు వేసేస్తారు, అవతలివాడు వెనక నుంచి ఉరికిరావాలి.

"మరి మనోళ్లు గెల్చిండ్రా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఈ పోటీ 1976లో లండన్‌లో మొదలైంది, ఆస్ట్రేలియా జెఫ్ హంట్ గెలిచాడు. తర్వాత పాకిస్తాన్ వాళ్ల కాలం. జహంగీర్ ఖాన్ ఐదేళ్లపాటు ఓటమన్నదే ఎరగక, 1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో న్యూజిలాండ్ రాస్ నార్మన్ చేతిలో ఫైనల్ ఓడాడు. ఆ వెనక జాన్‌షేర్ ఖాన్ ఎనిమిదిసార్లు గెలిచాడు. ఇప్పుడంతా ఈజిప్టుదే. మన సౌరవ్ ఘోషాల్ 2013లో మాంచెస్టర్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడిదాకా వెళ్లిన మొదటి భారతీయుడు. ఆ రోజు షాపు పెందలాడే కట్టేసి మిఠాయి కొన్నాను, ఇంట్లోవాళ్లు ఎందుకని అడిగారు.

ఫోన్‌లో దాచుకున్న బొమ్మ ఒకటి చూపించాను. 2006 ఫైనల్, ఈజిప్టులో పిరమిడ్ల ముందు వేసిన అద్దాల కోర్టు. మొదటి రెండు గేములూ పోగొట్టుకున్న డేవిడ్ పామర్, గ్రెగరీ గోతియే మీద తిరగబడి గెలిచిన మ్యాచ్ అది. తాతకు పామర్ పట్టలేదు. బొమ్మను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"గోడలన్ని అద్దాలే?"

"నాలుగూ అద్దాలే తాతా. బయట కూర్చున్న జనానికి కనిపించాలి కదా. నల్ల బంతి కనపడదని తెల్ల బంతితో ఆడతారు."

"అద్దానికి అతుకు ఉండదు గదా?"

"ఉండదు" అనేశాను, ఆలోచించకుండా.

ఆయన కాసేపు బయటికి చూశాడు. ఎండకు మోడువారిన చెట్లు, రోడ్డు పక్కన వరసగా కోతులు. నాకు మా కోర్టు గుర్తొచ్చింది. ఎడమ గోడ మీద, నడుమెత్తున, అడ్డంగా ఒక గరుకు గీత ఉండేది. బంతి దానికి తగిలితే ఎటు పోతుందో తెలిసేది కాదు. ఐదేళ్లు ఆ గీతను, దాన్ని వదిలేసిన సుతారిని తిట్టుకున్నాను. అది ఎందుకు పడుతుందని అడిగాను.

"పొద్దు గూకినంక పని ఆపుతరు గదా. నిన్నటి గిలాబు ఆరిపోతది, ఇయ్యాల్టిది తడి. రెండు కలిసినకాడ గీత పడ్తది. ఎంత రుద్దినా చెయ్యికి తగుల్తది. మొత్తం గోడ ఒక్కరోజుల తియ్యాలంటే ఇంకిద్దరు మనుషులు గావాలె. కంట్రాక్టరు ఇయ్యడు. మేం అడిగినం బిడ్డా. ఆ గోడకు గూడ అడిగినం."

ఏ క్లబ్బని అడగాలనిపించింది. అడగలేకపోయాను.

వటవర్లపల్లి దగ్గర కూతురి ఇంటికని దిగాడు. దిగుతూ కిటికీ దగ్గరికొచ్చి "ఎవరు గెల్చిండ్రో సూసుకో, మంచిగ" అని చెయ్యెత్తాడు. పేరు కూడా అడగలేదు నేను.

శ్రీశైలంలో దర్శనానికి నాలుగు గంటలు పట్టింది. గది అద్దె వింటే కళ్లు తిరిగాయి, ఫ్యాను తిరగలేదు. అమ్మ పడుకున్నాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆట పెట్టాను. అలీ ఫరాగ్, ముస్తఫా అసల్. ఫరాగ్ అప్పటికే నాలుగుసార్లు ఛాంపియన్. అసల్ అంతకు ముందు ఏడాది ఫైనల్లో పెరూ కుర్రాడు డియేగో ఎలియాస్ చేతిలో ఓడాడు. నా మనసు ఫరాగ్ వైపే. అవతలివాడికి దారి వదులుతాడు, అడ్డం నిలబడడు, తన బంతి రెండుసార్లు పడితే తానే చెప్పేస్తాడు. మార్కర్‌గా చేసినవాడికి అలాంటి మనిషి ఎంత అపురూపమో తెలుసు. గెలిచింది అసల్, మొదటిసారి. ఫరాగ్‌కు అదే చివరి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని తర్వాత తెలిసింది.

బాధగానే ఉంది. అయినా మళ్లీ వెనక్కి జరిపి చూశాను. ఈసారి ఆటగాళ్లను కాదు, పక్క గోడను. ఒక పలకకూ ఇంకో పలకకూ మధ్య నిలువునా సన్నటి గీత. బంతి దాని మీంచి జారిపోతూనే ఉంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారీ కంటపడలేదు.

ఉంటుంది తాతా. అద్దానికీ అతుకు ఉంటుంది.