నికర బరువు

గురువారం.

వాన వస్తుందని మా విశాఖపట్నంలో యారాడ కొండ మీద మబ్బు పొద్దుటినుంచీ ఆశపెడుతూనే ఉంది గానీ చినుకు రాల్లేదు. బ్యాంకు బ్రాంచికి చేరేసరికే ఉక్కపోతకి చీర తడిసిపోయింది. బురుజుపేట వైపు వెళ్లే ఆటోలన్నీ నిండుగా ఉన్నాయి. మార్గశిర గురువారాల రద్దీ కాదులెండి, అయినా కనకమహాలక్ష్మి అమ్మవారికి గురువారమంటే జనం ఎప్పుడూ ఉంటారు. ఆ తల్లికి పైన కప్పు లేదు. ఎవరి పసుపు కుంకుమ వాళ్లే చేత్తో వేసి మొక్కుకోవచ్చు. మా ఊళ్లో చాలామంది కొత్త నగ కొంటే ముందు ఆవిడ పాదాల దగ్గర పెట్టి, ఆ తరవాతే ఒంటిమీద వేసుకుంటారు. కురుపాం మార్కెట్లో కొంటారు, బురుజుపేటలో మొక్కుతారు, రెండేళ్లు తిరక్కుండా మా దగ్గరకి తెస్తారు. నా సీటు గోల్డ్ లోన్ కౌంటర్లో.

జూన్ మూడోవారం మాకు సీజను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, 61 రోజులు, మర బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. నిషేధం ఎత్తేశారంటే ఇంక జాలరిపేటల్లో డబ్బే డబ్బు అనుకుంటారు తెలియనివాళ్లు. బోటు కదలాలంటే ముందు డీజిలు కొట్టించాలి, ఐసు నింపాలి, వలలు బాగుచేయించాలి, కళాసీలకి అడ్వాన్సు ఇవ్వాలి. రెండు నెలలు రాబడి లేని ఇంట్లో ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? మెడలోంచి వస్తుంది. చెవుల్లోంచి వస్తుంది.

పదకొండు గంటలప్పుడు ఒకావిడ, ఆవిడ అత్తగారు కలిసి వచ్చారు. ముప్ఫయ్యేళ్లుంటాయేమో. పర్సులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. శతమానాలతో, అంటే తాళి బిళ్లలతో సహా గొలుసు. మెడలో అప్పటికే పసుపు తాడు కట్టుకుని వచ్చింది, దానికి పసుపుకొమ్ము.

మా అప్రైజర్ గారు గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, ఆ గీత నిలబడిన తీరు చూసి ఎన్ని కేరెట్లో చెప్పేస్తారు. ఆయన మనుషుల ముఖం చూడరు. చూస్తే చెయ్యి మెత్తబడుతుందంటారు. తూకం వేసి మొత్తం బరువు చెప్పారు, పూసలు, మధ్యలో లక్క తీసేసి నికర బరువు చెప్పారు. నేను రాసుకుంటున్నాను. పక్క సీట్లో కొత్తగా చేరిన కుర్రాడు ఉన్నాడు, వేరే జిల్లా నుంచి వచ్చాడు. నా వైపు వంగి, తగ్గుగొంతుతోనే, "తాళి కూడా తీసుకుంటామా మేడమ్?" అన్నాడు.

ఆవిడకి వినపడింది. కోపం రాలేదు సరికదా నవ్వింది. పసుపు తాడు కొంచెం పైకెత్తి చూపించి, "తాళి నా మెళ్లోనే ఉన్నాది బావూ. మీకిచ్చినది బంగారం. బేగి రాసియ్యండి, ఐసు ఫేక్టరీకాడ మా ఆయన కాసుకోనున్నాడు" అంది.

కుర్రాడు మళ్లీ తలెత్తలేదు. నేను మాత్రం ఆ తరవాత ఫారాలు నింపుతున్నంతసేపూ ఆ పసుపుకొమ్ము గురించే ఆలోచిస్తున్నాను.

ఎవరు కనిపెట్టి ఉంటారు దీన్ని? తాళి తియ్యకూడదన్నారు, తీస్తే అరిష్టమన్నారు. అంత గట్టిగా చెప్పినవాళ్లే, బంగారం లేకపోతే పసుపుకొమ్ము కట్టుకో, అదీ తాళే అని కూడా చెప్పారు. అంటే ఆ మాట చెప్పిన ముసలమ్మ ఎవరో గానీ, ఆవిడకి సంసారాల సంగతి బాగా తెలుసు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజు ప్రతి కొంపకీ వస్తుందని తెలుసు. ఆ రోజున ఆడమనిషి బోసిమెడతో బయటికి రావడానికి సిగ్గుపడి, నగ విడవక, పిల్లాణ్ని పస్తు పెట్టే పరిస్థితి రాకూడదని తెలుసు. ఆచారాన్ని బయటనుంచి చూస్తే రాతిగోడలా ఉంటుంది, లోపల ఉన్నవాళ్లకి దాని పెరటి గుమ్మం ఎక్కడుందో తెలుసు. మన సంస్కృతి గొప్పదని సభల్లో చెప్పేవాళ్లు గోపురాలు చూపిస్తారు గానీ, నాకైతే అణా ఖర్చులేని ఈ కొమ్ములోనే మనిషి బతుకు మీద ఎక్కువ అవగాహన కనిపిస్తుంది. (అన్నట్టు, తాకట్టు పెట్టడానికి మొగుడి మెడలోంచి ఏమీ తియ్యక్కర్లేదు, కాబట్టి దానికి బదులు ఏం కట్టాలో ఏ ముసలమ్మా చెప్పలేదు.)

మధ్యాహ్నం ఇంకొక జంట వచ్చారు. కూతురికి ఇంజినీరింగ్ ఫీజు. మనిషి కలుపుగోలు, అప్రైజర్ గారితో జోకులు వేస్తున్నాడు, నా టిఫిన్ బాక్సు చూసి "భోజనానికి లేటు చేసేస్తున్నాం, ఏమీ అనుకోకండమ్మా" అన్నాడు. భార్య చేతిలోంచి గాజులు తనే మెల్లిగా, చెయ్యి నొప్పెట్టకుండా తీశాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆవిడ పెట్టింది. వాటి వైపు మళ్లీ చూడలేదు. ఆ గాజులు వాళ్లమ్మవి అనుకుంటాను, ఇప్పుడు అలాంటి పనితనం ఎక్కడా చేయడం లేదు. అడగలేదు నేను. ఫారంలో 'ప్రయోజనం' అన్నచోట 'విద్య' అని రాశాను.

ఇలాంటివాళ్లు వచ్చినప్పుడల్లా నాకు చాసో గుర్తొస్తారు. విజయనగరం ఆయన, చాగంటి సోమయాజులు, 1915లో పుట్టి 1994లో పోయారు. ఆయన 'వాయులీనం' కథ చదివి చాలా ఏళ్లయినా ఇంకా నన్ను వదల్లేదు. ఒక ఇల్లాలు ఫిడేలు నేర్చుకుని ఉంటుంది. సంసారంలో పడ్డాక దాన్ని తీసి వాయించే తీరిక ఉండదు. జబ్బు చేస్తుంది. చేతిలో డబ్బు లేక భర్త ఆ ఫిడేలు అమ్మేసి వైద్యం చేయిస్తాడు. ఆవిడ కోలుకుంటుంది. మిగిలిన డబ్బుతో చీర కూడా కొంటాడు. ఇంతే కథ. ఇందులో చెడ్డవాడు ఎవరు? ఎవరూ లేరు. భర్త చేసింది తప్పు అనలేం, చెయ్యకపోతే మనిషే పోయేది. ఒప్పు అని పుస్తకం మూసేద్దామంటే చెయ్యి రాదు.

పసుపుకొమ్ము చెప్పే మాట ఒకటుంది: పోయింది బంగారమే, తాళి కాదు. చాసో చెప్పేది దానికి ఎదురుమాట: పోయింది ఒట్టి ఫిడేలే అనుకోకండి. రెండూ నిజమే. ఒకటి బతుకులోని లోటుని కప్పి, పద పద ముందుకు నడు అంటుంది. రెండోది ఆ కప్పింది కాస్త తొలగించి, కింద ఏముందో చూడమంటుంది. మొదటిది లేకపోతే ఇవాళ పొద్దున వచ్చినావిడ నవ్వుతూ ఐసు ఫేక్టరీకి వెళ్లగలిగేది కాదు. రెండోది లేకపోతే మధ్యాహ్నం వచ్చినావిడ వెనక్కి తిరిగి చూడకపోవడం నాకు పట్టేది కాదు. సాహిత్యం వేరు, సంస్కృతి వేరు అని నేననను, కానీ రెండింటినీ కలిపి ఒకే దండకం చదివితే మాత్రం ఒప్పుకోను. వాటి పనులు వేరు.

మా ఊళ్లోనే ప్లీడరీ చేసిన రావిశాస్త్రిగారు (1922–1993) సరిగ్గా ఈ రెండోపని చేశారు. మద్యనిషేధం కాలంలో సారా కేసుల్లో పట్టుబడ్డవాళ్లు కోర్టు కాగితాల్లో ముద్దాయిలు, సాక్షులు. అదే మనుషులు 'ఆరు సారా కథలు'లో నోరు విప్పి మాట్లాడతారు, మా వన్‌టౌన్ వీధుల్లో ఇప్పటికీ వినపడే యాసలో. ఆయన పేదవాళ్లని దేవుళ్లని చెయ్యలేదు. అబద్ధాలాడతారు, ఒకళ్లనొకళ్లు దగా చేసుకుంటారు, పోలీసులతో లాలూచీ పడతారు. అందుకే నాకాయన మీద గురి. పేదవాడు మంచివాడైతేనే జాలిపడతామనే రచయితలు నా కౌంటర్లో ఒక్కరోజు కూర్చోవాలి.

నగలు తాకట్టు పెట్టుకునేముందు 'ఇవి నా సొంతం' అని మేం ఒక సంతకం తీసుకుంటాం. ఆ కాగితం ముందుకు తోసినప్పుడల్లా నాకు రామప్పంతులు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది గురజాడ బాగా పెంచి, మార్చి 1909లో వేసినది. అందులో పెళ్లికూతురి మెడలో వెయ్యడానికి పంతులు మధురవాణి కంటె పట్టుకెళ్తాడు. పెళ్లికూతురు మాయం, దాంతో కంటె కూడా మాయం. కంటె తెస్తేగానీ నా గడప తొక్కొద్దంటుంది మధురవాణి. ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదనీ, వేషం కట్టిన కుర్రాడనీ ఆవిడకి ముందే తెలుసు! రామప్పంతులైతే మా కాగితం మీద రెప్పవెయ్యకుండా సంతకం చేసేసి, పెన్ను కూడా జేబులో పెట్టుకుని పోయేవాడు.

సాయంత్రం ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో సభ. ఆరింటికి అన్నారు, ఏడింటికి మొదలైంది. అధ్యక్షుల తొలిపలుకులు, శాలువాలు, ఫొటోలు. ముఖ్యవక్త సాహిత్యం జీవితానికి దర్పణం అన్నారు. ఇదివరకు కూడా అన్నారు. వెళ్లిపోదామని బ్యాగు సర్దుకుంటుంటే, ఎవరో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దావిడని పాడమన్నారు. మైకు వద్దంది. అప్పగింతల పాట అందుకుంది.

హాలు హాలంతా మారిపోయింది. నా ముందు వరసలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పాటలో ఆ పెళ్లికూతురు ఎవరో మాకు తెలియదు, అసలు ఎవరూ లేరు. ప్రతివాళ్లూ వాళ్లింటి పిల్లని తలుచుకున్నారు. పెళ్లిలో కూడా అంతే కదా, ఎక్కడ ఏడవాలో పాటే చెప్తుంది. మావయ్యగారు బతికుండగా ఒక్కసారే ఏడవడం చూశాను, మా ఆడపడుచు అప్పగింతలప్పుడు. మగవాడు ఏడవడానికి మన ఊళ్లలో ఉన్న ఒకే ఒక్క అనుమతి అది.

బస్సులో వస్తూ ఆ పాటే తిరుగుతోంది బుర్రలో. దాని వెనకాలే గురజాడ పూర్ణమ్మ వచ్చింది. పూజారి ఇంటి పుత్తడిబొమ్మని, డబ్బాశకి ముసలి మొగుడికి ఇస్తారు. అతను తీసుకెళ్లడానికి వచ్చిన రోజున ఆ పిల్ల నగలన్నీ పెట్టుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని, నలుగురూ కూర్చుని నవ్వుకునేటప్పుడు నన్నోసారి తలుచుకోండని అన్నదమ్ములతో చెప్తుంది. దుర్గగుడికని వెళ్తుంది, తిరిగి రాదు. ఇన్నాళ్లూ దాన్ని పద్యంగా చదివాను గానీ, అది తల్లకిందులు చేసిన అప్పగింతల పాట అని ఇవాళే తట్టింది. అప్పగింతల పాటలో కన్నవాళ్లు పిల్లని ఒప్పజెప్తారు, ఏడుస్తారు, తేలికపడతారు. ఇక్కడ పిల్లే వాళ్లకి అప్పగింతలు పెడుతుంది, వాళ్లని తేలికపడనివ్వదు. ఆడవాళ్లు నోటితో పాడుకునే ఆ మూస గురజాడకి చిన్నప్పటినుంచీ చెవిలో ఉండబట్టే దాన్ని అలా తిప్పగలిగాడు. పాట తెలియనివాడికి ఆ పద్యం రాయడం కుదరదు, చదివినా సగమే అందుతుంది. మా అమ్మాయి పాఠంలో దాని కింద 'బాల్యవివాహాల దుష్ఫలితములు' అని ప్రశ్న ఇచ్చారు. నాలుగు మార్కులు.

గోపాలపట్నంలో దిగేసరికి తొమ్మిదిన్నర. అత్తయ్య అన్నం వండి పెట్టుంచింది. తింటూ పొద్దున జరిగినవన్నీ చెప్పాను. పసుపుకొమ్ము సంగతికి ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "మీ మావయ్యకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నేనూ కట్టుకున్నాను, అందులో ఏటుంది?" అంది. ఆసక్తంతా కంటె దగ్గర ఆగింది. విజయనగరం పిల్ల కదా, చిన్నప్పుడు ఆ నాటకం స్టేజీ మీద చూసింది.

"మధురవాణి తెలివైందే గానీ, కంటె అరువివ్వడమేటే?" అంది.

"ఆవిడకి నాటకం అంతా ముందే తెలుసు కదత్తయ్యా."

"తెలిస్తే మాత్రం? ఆ వేషగాడు కుర్రకుంక దాన్ని పట్టుకుని నిజంగానే ఉడాయిస్తే ఏం చేసేది?"

ఇన్నిసార్లు చదివాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. విమర్శకులు ఎవరైనా అడిగారేమో నేను చూడలేదు. ఎవర్నీ నమ్మనట్టు అందరితో ఆటాడుకునే మధురవాణి, చేతిలో కాగితం ముక్క లేకుండా ఒక పిల్లాడి చేతికి కంటె పోనిచ్చింది.

"నమ్మిందేమో" అన్నాను.

"ఏం సాక్షీ లేకుండానా? మీ బేంకువాళ్లు ఇస్తారేటి అలాగ?"

"మేం నమ్మం అత్తయ్యా, తూస్తాం."

"నేనూ నమ్మాను ఓసారి. మా ఆడపడుచు పెళ్లికి రెండ్రోజులు పెట్టుకుని ఇచ్చేస్తానంటే నా పలకసర్లు ఇచ్చాను. దానికిప్పుడు మనవలు పుట్టారు. మొన్న ఫోన్ చేసినప్పుడు కూడా వాటి ఊసెత్తదు" అని, రిమోట్ అందుకుని సీరియల్ సౌండు పెంచింది.