వచ్చే ఐదు నెలల కార్యక్రమాలు, వేదిక కింద కూర్చునేవారు

ఫిబ్రవరి నుంచి జూన్ వరకు మా విశ్వవిద్యాలయంలో జరగబోయే సాంస్కృతిక, సామాజిక కార్యక్రమాల పట్టిక పోయిన వారం ఖరారయింది. దానిని తయారుచేసిన సంఘంలో నేనూ సభ్యురాలిని. తేదీలూ వేళలూ నోటీసు బోర్డుల మీద ఉన్నాయి కనుక వాటన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. ఆ తేదీలనే ఎందుకు ఎంచుకున్నామో, నిరుటి పద్ధతిని ఎందుకు మార్చుకున్నామో చెప్పడం అవసరమనిపించి ఇది రాస్తున్నాను.

నిరుడు జరిగిన లోపాన్ని ముందుగా ఒప్పుకోవాలి. ప్రతి సభలోనూ వేదిక నిండుగా ఉండేది, హాలులో మొదటి నాలుగు వరుసలూ నిండేవి. అయితే ఆ వరుసల్లో ఉన్నది ఎవరని చూస్తే, సగానికి పైగా నిర్వాహకులు, వారి స్నేహితులు, తమ వంతు కోసం ఎదురుచూస్తున్న కళాకారులు. గ్రంథాలయ సిబ్బంది, తోటపని చేసేవారు, రాత్రి కాపలావారు, ప్రహరీకి అవతల నివసించే కుటుంబాలు, పరాయి దేశాల నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థులు దాదాపుగా కనిపించేవారు కాదు. వారికి ఆహ్వానం అందకపోలేదు. వచ్చి కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్ళడం తప్ప వారికంటూ మేము మిగిల్చిన పాత్ర ఏదీ లేదు. ఈసారి పట్టిక వేసేటప్పుడు ప్రతి అంశం దగ్గరా ఆగి, వేదిక కింద కూర్చునేవారికి ఇందులో చోటెక్కడ అని అడుగుతూ వచ్చాము. జవాబు దొరకని రెండు అంశాలను పట్టికలో నుంచి తీసేశాము కూడా.

విశ్వవిద్యాలయం తన గోడల బయట ఉన్నవారితో ఎలా మాట్లాడాలన్నది పాత ప్రశ్నే. కేంబ్రిడ్జ్‌కు చెందిన జేమ్స్ స్టూవర్ట్ 1867లో ఉత్తర ఇంగ్లండు నగరాలకు వెళ్ళి, ఉన్నత విద్యకు అవకాశం లేని స్త్రీల కోసం ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. రాక్‌డేల్‌లో కార్మికుల సహకార సంఘంలో మాట్లాడిన ఒక సందర్భంలో ఆయన ఉపన్యాసంలో వివరణకు వాడిన పటాలను గోడ మీదే వదిలి వెళ్ళాడు. తర్వాతి ఉపన్యాసానికి తిరిగి వచ్చేసరికి, సంఘ సభ్యులు ఆ పటాల ముందు నిలబడి చర్చించుకుంటున్నారని, ఆయనను అడగడానికి ప్రశ్నలు దాచుకున్నారని తెలిసింది. ఉపన్యాసానికి జోడుగా చర్చకు విడిగా సమయం కేటాయించే పద్ధతి అలా రూపుకట్టింది. 1873లో కేంబ్రిడ్జ్ ఈ బయటి ఉపన్యాసాలను తన సొంత బాధ్యతగా స్వీకరించింది. నాకు ఈ ఉదంతంలో ఉపన్యాసం కంటే గోడ మీద మిగిలిపోయిన పటాలే ముఖ్యమనిపిస్తాయి. మేము కూడా ఈసారి ప్రతి కార్యక్రమం తర్వాత అరగంట సేపు హాలు తలుపులు మూయకూడదని, ప్రదర్శనకు పెట్టినవాటిని కనీసం వారం రోజులు కదపకూడదని నిర్ణయించుకున్నాము.

పట్టికలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఈ తేదీ పుట్టిందే ఒక విశ్వవిద్యాలయం ఆవరణలో. 1948 మార్చి 24న, ఇప్పటి బంగ్లాదేశ్ పాకిస్తాన్‌లో భాగంగా ఉన్న రోజుల్లో, ఢాకా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో మహమ్మద్ అలీ జిన్నా పాకిస్తాన్ రాజ్యభాషగా ఉర్దూ ఒక్కటే ఉంటుందని ప్రకటించినప్పుడు, ఆ కర్జన్ హాలులోనే విద్యార్థులు కాదని గొంతెత్తారు. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1952 ఫిబ్రవరి 21న, ఊరేగింపులపై నిషేధం ఉన్నప్పటికీ, తమ మాతృభాష బెంగాలీని కూడా రాజ్యభాష చేయాలంటూ విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం నుంచే బయలుదేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు కోల్పోయినవారిలో అబుల్ బర్కత్ అక్కడే రాజనీతిశాస్త్రం చదువుతున్న విద్యార్థి. రెండు రోజులకే వైద్యకళాశాల విద్యార్థులు రాత్రికి రాత్రి కట్టిన స్మారక స్తంభాన్ని పోలీసులు 26వ తేదీన కూల్చివేశారు. బెంగాలీకి రాజ్యభాషగా గుర్తింపు దక్కింది 1956 నాటి రాజ్యాంగంలో. యునెస్కో 1999 నవంబరులో ఈ తేదీని ప్రకటించగా 2000 నుంచి ప్రపంచమంతటా పాటిస్తున్నారు.

ఇంత చరిత్ర ఉన్న రోజును ఒకే భాషలో నాలుగు ఉపన్యాసాలతో ముగించడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. స్నాతకోత్సవంలో వేదిక మీది మాటకు హాలులో నుంచి వచ్చిన జవాబే ఈ రోజుకు మూలమైనప్పుడు, మనం వేదికకే పరిమితం కావడం ఏ విధంగానూ సబబు కాదు. అందుకని ఈసారి ఉపన్యాసాలు లేవు, ముఖ్య అతిథి లేరు. సాయంత్రం 4 గంటల నుంచి 7 గంటల వరకు ఎవరైనా వచ్చి తమ ఇంటి భాషలో మూడు నిమిషాలు మాట్లాడవచ్చు, చదవవచ్చు, పాడవచ్చు. కథ, జోలపాట, సామెత, అమ్మ రాసిన ఉత్తరం, ఇంట్లో పిల్లలను మందలించే తీరు, ఏదైనా సరే. కుర్చీలను వరుసలుగా కాక వలయాకారంగా వేస్తాము. మాట్లాడేవారు తమ కుర్చీ దగ్గరే లేచి నిలబడతారు. అనువాదం చేయాలా వద్దా అన్న విషయం మీద సంఘంలో చాలాసేపు వాదన జరిగింది. ముందు అర్థం తెలియకుండా వినాలని, ఆ తర్వాత మాట్లాడినవారే తమకు తోచినట్టు రెండు వాక్యాల్లో విషయం చెప్పాలని చివరకు అనుకున్నాము. అర్థం తెలియని భాషను మూడు నిమిషాల పాటు శ్రద్ధగా వినడం కూడా ఒక చదువేనని నేను గట్టిగా నమ్ముతాను.

మార్చి 21 ప్రపంచ కవితా దినోత్సవం. దీనినీ యునెస్కో 1999లోనే ప్రకటించింది. ఆ రోజు కవిసమ్మేళనం పెట్టడం లేదు. విద్యార్థులు చేత్తో రాసిన కవితలను గ్రంథాలయం మెట్ల గోడకు అతికించి వారం రోజులు ఉంచుతాము, పక్కన ఖాళీ కాగితాలూ కలాలూ పెడతాము.

మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. అంతర్జాతీయ రంగస్థల సంస్థ 1961లో తీర్మానించి 1962లో మొదటిసారి జరిపింది. ఆ తొలి ఏడాది సందేశం రాసింది ఫ్రెంచి కవి, నాటకకర్త జాఁ కాక్టో. ఏటా ఒక రంగస్థల ప్రముఖుడు రాసే సందేశాన్ని పలు భాషల్లోకి అనువదించి, ప్రపంచంలోని నాటకశాలల్లో ప్రదర్శనకు ముందు చదవడం ఆనవాయితీ. 2002లో ఆ గౌరవం గిరీష్ కర్నాడ్‌కు దక్కింది. మా దగ్గర ఈసారి ఆ సందేశాన్ని నాటక బృందం వారు కాక, హాలుకు దీపాలు, తెరలు, తాళాలు చూసుకునే ఉద్యోగి ఒకరు చదువుతారు. ఎన్నో ఏళ్ళుగా ప్రతి నాటకాన్నీ పక్క తెర వెనక నుంచి చూసినవారు ఆయన.

నాటకం గురించే ఇంకొక మాట. బధిరులైన విద్యార్థులు ముగ్గురు నిరుడు ప్రదర్శనకు వచ్చి, విరామంలో లేచి వెళ్ళిపోయారు. సంజ్ఞాభాషలో చెప్పేవారిని ఏర్పాటు చేశాము గానీ, దృశ్యం కోసం హాలులో దీపాలు ఆర్పినప్పుడల్లా ఆయన చేతులు చీకట్లో కలిసిపోయాయి. ఆ పొరపాటు పూర్తిగా మాదే. ఈసారి ఆయన నిలబడే చోటుకు విడిగా ఒక దీపం పెట్టాము, ఆ దీపాన్ని కూడా రిహార్సల్‌లో భాగం చేశాము. సంజ్ఞాభాషలో ఏకధాటిగా చెప్పడం చాలా శ్రమతో కూడిన పని. ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి వంతు మార్చుకోవడానికి ఇద్దరు ఉండాలి. అందువల్ల ఇద్దరిని పిలిచాము. చక్రాల కుర్చీకి ర్యాంపు కూడా ఇలాంటిదే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్న ప్రమాణం ప్రకారం లెక్క వేస్తే, 90 సెంటీమీటర్ల ఎత్తున్న మా వేదికకు 10 మీటర్ల 80 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. అంత చోటు హాలులో లేదు. అందుకే ఈ సెమిస్టర్‌లో బహుమతుల ప్రదానం వేదిక మీద జరగదు. అందరికీ నేల మీదే జరుగుతుంది.

ఏప్రిల్‌లో రెండు చిన్న కార్యక్రమాలు ఉన్నాయి. 23న ప్రపంచ పుస్తక దినోత్సవం సందర్భంగా పుస్తకాల మార్పిడి. ఒక పుస్తకం తెచ్చి ఇంకొకటి తీసుకుపోవచ్చు, లోపలి అట్ట మీద తర్వాత చదివేవారికి ఒక వాక్యం రాయాలన్నదే నియమం. షేక్స్‌పియర్, సెర్వాంటెజ్ ఇద్దరి వర్ధంతీ 1616 ఏప్రిల్ 23 అని చెప్పుకుంటారు. నిజానికి అప్పటికి ఇంగ్లండులో పాత క్యాలెండరు, స్పెయిన్‌లో కొత్త క్యాలెండరు నడుస్తున్నందున తేదీ ఒకటే అయినా రోజులు వేరు, మధ్యలో పది రోజుల తేడా ఉంది. 29న అంతర్జాతీయ నృత్య దినోత్సవం. 1727లో ఆ రోజున పుట్టిన ఫ్రెంచి నృత్యదర్శకుడు జాఁ జార్జ్ నొవేర్ నర్తకుల ముఖాలకున్న ముసుగులు తీసేయాలని, నృత్యం భావాన్ని పలకాలని వాదించిన వ్యక్తి. ఆ సాయంత్రం పోటీ ఉండదు, ఎవరు ఏ నృత్యం చేసినా పక్కవారికి నాలుగు అడుగులు నేర్పాలి.

చివరగా రక్తదాన శిబిరాల సంగతి. ఇది సాంస్కృతికం కాదు కదా అని కొందరు అన్నారు, కానీ పట్టికలో అతి జాగ్రత్తగా లెక్క వేసి పెట్టిన తేదీలు ఇవే. ఇదివరకు ఏటా ఒకే ఒక పెద్ద శిబిరం పెట్టి, ఎంతమంది ఇచ్చారన్న అంకెను చాటుకునేవాళ్ళము. రక్తం దాచుకునే వస్తువు కాదు. ఎర్రకణాలను చల్లగా భద్రపరిచినా 42 రోజులకు మించి నిలవ ఉంచరు. ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులే ఉంటాయి. ఒకే రోజు వందలమంది ఇచ్చి ఆ తర్వాత ఏడాదంతా ఎవరూ ఇవ్వకపోతే రక్తనిధికి ఒరిగేది తక్కువ. ముఖ్యంగా పరీక్షలు ముగిసి విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళే రోజుల్లో దాతలు దొరకడం కష్టం. ప్రపంచ రక్తదాతల దినోత్సవం సరిగ్గా అప్పుడే వస్తుంది. రక్తవర్గాలను కనుగొన్న కార్ల్ లాండ్‌స్టైనర్ 1868 జూన్ 14న పుట్టాడు కాబట్టి ఆ రోజు.

అందుకని ఒక శిబిరం ఫిబ్రవరి 20న, రెండవది జూన్ 14న పెట్టాము. ఒకసారి ఇచ్చిన తర్వాత పురుషులు కనీసం 12 వారాలు, స్త్రీలు కనీసం 16 వారాలు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 16 వారాలంటే 112 రోజులు. మా రెండు తేదీల మధ్య తక్కువలో తక్కువ 114 రోజులు ఉన్నాయి కనుక, మొదటిదానిలో ఇచ్చిన స్త్రీలు కూడా రెండవదానికి రావచ్చు. జూన్ శిబిరానికి మేము ప్రధానంగా ఆశ్రయిస్తున్నది సెలవుల్లో కూడా ఇక్కడే ఉండే సిబ్బందిని, చుట్టుపక్కల నివసించేవారిని. శిబిరం ప్రహరీ లోపల కాక, ప్రధాన ద్వారం పక్కన, వీధి నుంచి నేరుగా రాగలిగిన గదిలో ఉంటుంది.

నిరుడు హిమోగ్లోబిన్ చాలక, లేదా బరువు తక్కువై, వెనక్కి పంపవలసి వచ్చిన విద్యార్థినులు చాలామంది ఉన్నారు. వారిలో ఒక అమ్మాయి తలుపు దగ్గర చాలాసేపు నిలబడి ఉండడం నాకు గుర్తుంది. ఇవ్వాలన్న మనసుతో వచ్చినవారిని పరీక్షలో తప్పినవారిలా పంపించడం తప్పు. ఈసారి వారి కోసం ఒక వైద్యురాలు విడిగా కూర్చుంటారు, తక్కువ ఎందుకుందో చెప్పి తగిన సలహా ఇస్తారు. ఇష్టపడినవారు అక్కడే దాతలకు తోడుగా ఉండవచ్చు, జూన్‌లో ఎవరెవరికి కబురు పంపాలో ఆ జాబితా రాసే పని తీసుకోవచ్చు.

వరుసగా రెండు రోజులు, 20న శిబిరం, 21న భాషల సాయంత్రం, నిర్వాహకులకు భారమే. స్వచ్ఛంద కార్యకర్తలుగా చేరదలచినవారు సంఘం గదికి వచ్చి పేరు ఇస్తే ఎంతో సహాయం చేసినవారవుతారు. కుర్చీలు సర్దడానికి, వృద్ధులను చేయి పట్టుకుని తీసుకురావడానికి, పసిపిల్లలున్న తల్లులు మాట్లాడే మూడు నిమిషాలు ఆ పిల్లలను ఎత్తుకోవడానికి మనుషులు కావాలి.

భాషల సాయంత్రం కోసం సంఘం గది తలుపుకు అతికించిన కాగితం మీద ఇప్పటికి తొమ్మిది భాషల పేర్లు చేరాయి. నిన్న సాయంత్రం హాస్టల్‌లో పనిచేసే ఒక పెద్దావిడ వచ్చి, తమ భాషకు లిపి లేదని, చెప్పబోయేది ముందుగా రాసి ఇవ్వాలంటే తన వల్ల కాదని అన్నారు. రాసి ఇవ్వనక్కరలేదమ్మా, వచ్చి చెబితే చాలు అన్నాను. కాగితం మీద పదవ వరుసలో ఆవిడ చెప్పిన భాష పేరును, విన్నది విన్నట్టుగా, నేనే రాశాను. సరిగా రాశానో లేదో ఆవిడ చేత రెండుసార్లు పలికించి చూసుకున్నాను.