బస్సు 25:10కి వస్తుంది

సిటీ బస్సుల టైమ్‌టేబుల్ డేటా తెరిచి చూస్తే 25:10:00 లాంటి టైములు కనిపిస్తాయి. ఫైలు పాడైందేమో అనిపిస్తుంది గానీ, కాదు. రాత్రి ఒంటిగంటా పది నిమిషాలకు వచ్చే ఆ బస్సు ముందురోజు సర్వీసులో భాగం. అందుకే తేదీ మార్చకుండా గంటల్నే 24 దాటించి లెక్కపెడతారు. ప్రపంచంలో చాలా రవాణా సంస్థలు వాడే జీటీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న పద్ధతి ఇది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి 2005లో దాన్ని మొదలుపెట్టాయి. పరాయి దేశంలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు ఈ లెక్క ఎవరూ వివరించక్కర్లేదు. మాకూ రోజు అర్ధరాత్రితో అయిపోదు.

మా సాఫ్ట్‌వేర్ టీమ్ వేర్వేరు దేశాల్లో ఉంటుంది. కొత్త వెర్షన్ రిలీజ్ ఉన్న రాత్రి కాల్ ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేం, బస్సేమో గంటకొకటి. ఫోన్‌లోని మ్యాప్ బస్సు టైమ్ సరిగ్గానే చెబుతుంది కానీ, స్టాప్ దాకా నడిచే దారి మాత్రం మెయిన్ రోడ్డు చుట్టూ తిప్పి చూపిస్తుంది. ఆఫీసు వెనక గేటు సంగతి దానికి తెలియదు. అందుకని నాకోసం చిన్న టూల్ ఒకటి రాసుకున్నాను. తెరవగానే రాబోయే బస్సులు, ఎప్పుడు లేచి నడక మొదలుపెట్టాలో చూపిస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు.

అది చూసి మా రూమ్మేట్, "యాప్ స్టోర్‌లో పెట్టరా, నాలుగు డబ్బులొస్తాయి" అన్నాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. చాలా దేశాల్లో వర్క్ వీసా ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది. సొంత యాప్ మీద వచ్చేవి ప్రకటనల చిల్లరే అయినా, అది అనుమతి లేని పని కిందికి రావచ్చు. దానికితోడు ఉద్యోగ ఒప్పందంలో ఎక్కడో ఒక క్లాజు ఉంటుంది: ఇక్కడ పనిచేసే కాలంలో నువ్వు తయారుచేసింది సంస్థదే అని. అది ఎంతవరకు వర్తిస్తుందో దేశాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. నేనైతే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, సరేనని రాతలో తీసుకున్నాకే మొదటి లైను రాశాను. ఆఫీసు లాప్‌టాప్ ముట్టుకోలేదు, ఆఫీసు అకౌంట్‌తో ఎక్కడా లాగిన్ కాలేదు. ఇదంతా అతిజాగ్రత్త అనేవాళ్లు వీసా రెన్యూవల్ టెన్షన్ ఎరగనివాళ్లే అయ్యుంటారు.

డబ్బు ఊసే లేని పని కాబట్టి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నాకు బాగా కుదిరింది. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ మ్యాప్‌ను ఎవరైనా దిద్దవచ్చు. వేరే మ్యాపుల్లోంచి కాపీ కొట్టకూడదు, నేల మీద ఉన్నదే గీయాలి. వెనక గేటు, అక్కణ్నుంచి స్టాప్ దాకా ఉన్న కాలిబాట అలా చేర్చాను. ఇందులో ఒక మెలిక ఉంది. రెండు దారులు తెర మీద కలిసినట్టే కనిపించినా, అవి ఒకే నోడ్‌ను, అంటే మ్యాప్‌లోని ఒకే బిందువును, పంచుకోకపోతే రూట్ లెక్కకట్టే ప్రోగ్రామ్‌కు వాటి మధ్య దారి లేనట్టే. వెంట్రుకవాసి ఖాళీ చాలు, మళ్లీ మెయిన్ రోడ్డు చుట్టూ తిప్పుతుంది.

ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ కూడా వేసుకున్నాను. నడుస్తుంటే ప్రశ్నలు అడుగుతుంది: ఈ వీధికి దీపాలున్నాయా, ఈ బాట మట్టిదా సిమెంటుదా, ఈ బెంచీకి వీపు ఆనించుకునే పలక ఉందా? జవాబు చెబితే మ్యాప్‌లో చేరిపోతుంది. రోజూ తల దించుకుని నడిచే దారిలో ఏ బెంచీకి పలక ఉందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఎందుకూ పనికిరాని జ్ఞానమే అనుకోండి.

కోడ్ రాసేవాళ్లకు రెండు మాటలు. మ్యాప్ డేటా దాచే జియోజేసన్ ఫార్మాట్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత; వెబ్ పేజీలో మ్యాప్ చూపించే లీఫ్‌లెట్ లైబ్రరీలో అది తిరగబడుతుంది. విలువలు ఖాళీగా ఉండి సున్నా, సున్నా అయితే మీ బస్టాప్ ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో తేలుతుంది. చిరునామాలు వెతికే నామినాటిమ్ ఉచిత సర్వర్‌ను సెకనుకు ఒక్కసారికి మించి అడగకూడదు, కాబట్టి వచ్చిన జవాబును దాచుకోండి.

ఆఫీసులో ఈ దేశం వాళ్లతో నేను మాట్లాడేది మీటింగుల్లోనే, అదీ టికెట్ల గురించే, అంటే మాకు అప్పగించిన పనుల చిట్టా గురించే. గేటు చేర్చిన తర్వాత ముఖం తెలియని స్థానిక మ్యాపర్ ఒకరు నా మార్పు కింద కామెంట్ పెట్టారు: ఆ గేటు అందరికీనా, ఉద్యోగులకేనా? సెక్యూరిటీ అతన్ని అడిగితే, రాత్రి పది దాకా ఎవరైనా వెళ్లొచ్చు, ఆ తర్వాత బ్యాడ్జి ఉండాలన్నాడు. సమయాన్ని బట్టి మారే అనుమతిని ట్యాగ్‌గా, అంటే మ్యాప్‌లో గేటుకు తగిలించే వివరంగా, ఎలా రాయాలో ఆ మ్యాపరే ఓపిగ్గా నేర్పారు. నేను ఏ దేశం వాణ్నో, ఎన్నాళ్లుంటానో అడగలేదు. అడిగిందల్లా పక్కనున్న సైకిల్ స్టాండ్‌కు పైకప్పు ఉందా అని. ఉంది, కానీ సగానికే. దాన్ని ఒకటిగా గీయాలా, రెండు స్టాండ్లుగా గీయాలా అన్న చర్చ మా మధ్య ఇంకా నడుస్తోంది.